ఓడితేనే పోతడు

సిరిసిల్లలో మా మామకు నాలుగు సాంచాలున్నాయి. మరమగ్గం అని పేపర్లో రాస్తారు గానీ అక్కడ వాడుకలో ఉన్న మాట సాంచానే. 2025 నవంబర్ 26న, గువాహటిలో దక్షిణాఫ్రికాతో రెండో టెస్టు ఆఖరి రోజున, నేను ఆ షెడ్డులో ఉన్నాను. మామ ఫోనును నూలు డబ్బాకు ఆనించి పెట్టాడు. ఆ చప్పుడులో కామెంటరీ వినపడదు, బొమ్మ చూడాల్సిందే. గెలవడానికి 549 కావాల్సిన మనవాళ్లు 140కే చాప చుట్టేశారు. 408 పరుగుల తేడా. టెస్టుల్లో పరుగుల లెక్కన ఇండియాకు అంత పెద్ద ఓటమి అంతకుముందు లేదు. మామ తెగిన పోగు కొసలను రెండు వేళ్ల మధ్య నలిపి ముడివేస్తూ, తల కూడా ఎత్తకుండా, "మంచిగైంది. ఇగ గంభీర్‌ను పీకుతరు" అన్నాడు.

"గెలిస్తే బాగుండు గద మామా."

"గెలిస్తె ఇంకో రెండేండ్లు నెత్తిమీదనే ఉంటడు అల్లుడూ. ఓడితేనే పోతడు."

ఇదే మామ 2011 ఏప్రిల్ 2న, ప్రపంచకప్ ఫైనల్ రాత్రి, సాంచాలన్నీ బందుపెట్టి షెడ్డులోకి టీవీ తెచ్చిపెట్టిన మనిషి. ఆ రాత్రి గంభీర్ 97 దగ్గర బౌల్డ్ అయితే, సెంచరీ పోయిందని అన్నం ముట్టలేదు. పద్నాలుగేళ్ల తర్వాత అదే గంభీర్ కోచ్ పదవి నుంచి పోవాలని, అందుకోసం దేశం జట్టు ఓడినా ఫరవాలేదని కోరుకుంటున్నాడు. సవతి విధవ కావాలని మొగుడి చావు కోరుకున్నట్టుందని అత్త లోపలి నుంచి అననే అన్నది. సామెత సరిగ్గానే అతికింది. కానీ ఆ కోరిక మామ ఒక్కడిదే అయితే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. ఆ రోజు గువాహటి స్టేడియంలోనే, టికెట్టు కొని వచ్చిన జనం కోచ్‌కు వ్యతిరేకంగా నినాదాలు చేశారు.

సొంత జట్టు ఓడిపోవాలని కోరుకోవడం అభిమానమేనా, ద్రోహమా, లేక మూడోదేదన్నానా? కోరుకున్నందుకు దక్కేదేమైనా ఉందా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తిరిగేవాడిగా నాకు ఈ ప్రశ్న ఆటల పేజీకి మాత్రమే సంబంధించిందిగా కనపడదు. ఎందుకో చెప్పేముందు, ఈ కోరిక పుట్టి పెరిగిన ఊరు చూసి రావాలి.

ఆ ఊరు ఇంగ్లండు ఫుట్‌బాల్. అక్కడ కోచ్‌ను మేనేజర్ అంటారు. జట్టులో ఎవరుండాలో, ఎట్లా ఆడాలో ఆయనే చెప్తాడు. నాలుగు మ్యాచ్‌లు పోతే ఆయనే పోతాడు. యజమాని పోడు, పదిహేను మంది ఆటగాళ్లను సీజన్ మధ్యలో మార్చలేరు, కాబట్టి కత్తి పడేది ఒకే మెడ మీద. నాకు ఈ సంగతులన్నీ చెప్పింది కోరుట్ల బావ. పదకొండేళ్లు దుబాయ్ సోనాపూర్ క్యాంపులో ఉండి వచ్చాడు. పోయేటప్పుడు ఆయనకు ఫుట్‌బాల్ అంటే తన్నే బంతి అని మాత్రమే తెలుసు. రూములో మలప్పురం పిల్లగాడు ఒకడు మాంచెస్టర్ యునైటెడ్ పిచ్చోడు. శుక్రవారం బిర్యానీతో పాటు ఆ పిచ్చి కూడా బావకు అంటింది. ఇప్పుడు కోరుట్లలో పసుపు పండించుకుంటూ శనివారం రాత్రి ఇంగ్లండు మ్యాచ్ చూస్తాడు. చాలాసార్లు ఓడాలనే చూస్తాడు.

యునైటెడ్ అభిమానికి ఆ అలవాటు ఊరికే రాలేదు. 2013లో అలెక్స్ ఫెర్గూసన్ దిగిపోయాక డేవిడ్ మోయెస్ వచ్చాడు, ఆరేళ్ల ఒప్పందంతో. పది నెలలు కూడా నిలవలేదు. 2014 మార్చి 29న కొందరు అభిమానులు చందాలేసుకుని, మోయెస్ పోవాలని రాసిన బ్యానర్ కట్టిన విమానాన్ని స్టేడియం మీద తిప్పారు. ఆ రోజు యునైటెడ్ 4-1తో గెలిచి కూర్చుంది! డబ్బులు పెట్టి విమానం తెచ్చినవాళ్ల మొహాలు ఎట్లా ఉండి ఉంటాయో అని బావ ఇప్పటికీ నవ్వుతాడు. మూడు వారాలకు, ఏప్రిల్ 20న, మోయెస్ పాత క్లబ్బు ఎవర్టన్ చేతిలోనే 2-0తో ఓడింది. 22న ఆయన్ను తీసేశారు. విమానం చేయలేనిది ఓటమి చేసింది. ఆ తర్వాత 2018 డిసెంబర్‌లో మొరీన్యో, 2021 నవంబర్‌లో సోల్షార్, 2024 అక్టోబర్‌లో టెన్ హాగ్, ముగ్గురూ ఏదో ఒక ఓటమి మర్నాడో మూడోనాడో వెళ్లినవాళ్లే. పాఠం అభిమానికి బాగా వంటబట్టింది.

గెలుపు ఎట్లా అడ్డుపడుతుందో తెలియాలంటే ఆర్సెనల్ కథ వినాలి. ఆర్సెన్ వెంగర్ 1996 నుంచి మేనేజర్. 2003-04లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా లీగు గెలిపించినవాడు. 2017 నాటికి జనం విసిగిపోయారు. బాయెర్న్ మ్యూనిక్ చేతిలో రెండు మ్యాచ్‌లు కలిపి 10-2 తేడాతో పోయింది. ఇక దిగిపోతాడనుకున్న సమయంలో మే 27న చెల్సీ మీద 2-1తో ఎఫ్ఏ కప్పు గెలిచాడు. నాలుగు రోజులు తిరక్కుండానే మరో రెండేళ్ల ఒప్పందం. ఆ కప్పు చూసి ఏడవాలో నవ్వాలో తెలియని ఆర్సెనల్ అభిమానులు ఎందరో. ఏడాది తర్వాత 2018లో ఆయన వెళ్లనే వెళ్లాడు. మామ అన్న మాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు: గెలిస్తే ఉంటాడు.

ఇక్కడిదాకా వింటే ఓటమి కోరేవాడిది పక్కా లెక్క అనిపిస్తుంది. ఆ లెక్కను చిత్తు చేసేది 1990 జనవరి 7. ఫెర్గూసన్ యునైటెడ్‌కు వచ్చి మూడేళ్లు దాటింది, కప్పు లేదు. అంతకుముందు నెలలోనే మూడేళ్ల సాకులు చాలు, ఇక వెళ్లిరా అని ఒక అభిమాని స్టేడియంలో బ్యానర్ పట్టాడు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో కప్పు మ్యాచ్. ఓడితే పోతాడని పత్రికలన్నీ రాశాయి. మార్క్ రాబిన్స్ అనే కుర్రాడు తలతో కొట్టిన ఒక్క గోలుతో 1-0తో గట్టెక్కారు, ఆ ఏడాది కప్పే కొట్టారు. ఆ పెద్దమనిషి 2013 దాకా ఉండి 13 లీగు టైటిళ్లు గెలిపించాడు. ఆ రోజు ఓడినా ఆయన్ను తీసేవాళ్లం కాదని క్లబ్బు ఛైర్మన్ తర్వాత చెప్పాడు. చెప్పొచ్చు. పెళ్లయ్యాక జాతకం కుదిరిందనడానికేముంది. నాకైతే ఆ బ్యానర్ పట్టినవాడి మీద జాలి. ఆయన కోరిక తీరి ఉంటే, ఏం పోగొట్టుకున్నాడో ఆయనకు జన్మలో తెలిసేది కాదు.

ఓటమి కోరేవాడు దీనికి జవాబు చెప్పకుండా వదలడు. ఫెర్గూసన్లు లక్షలో ఒక్కరు, మిగతా 99,999 మంది పోవాల్సినవాళ్లే అంటాడు. సరే, పోయాక ఏమవుతుంది? కొత్త మేనేజర్ రాగానే రెండు మూడు మ్యాచ్‌లు గెలవడం చాలాసార్లు చూస్తాం. కొత్త చీపురు బాగా ఊడుస్తుంది. నెదర్లాండ్స్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన లీగు మ్యాచ్‌లను తీసుకుని ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ ఈ చీపురు సంగతి తేల్చాడు. మేనేజర్‌ను మార్చిన జట్ల పక్కన, అంతే దరిద్రంగా ఆడుతూ కూడా మార్చని జట్లను పెట్టి చూశాడు. రెండు రకాలూ దాదాపు ఒకే తీరుగా కోలుకున్నాయి. వరుసగా ఓడిన జట్టు ఎప్పటికీ ఓడుతూనే ఉండదు, పడిన బంతి కొంత లేస్తుంది. ఆ లేచే సమయానికి కుర్చీలో ఉన్నవాడికి పేరు వస్తుంది. అంతే. జ్వరం దిగే రోజున తాయెత్తు కట్టించుకుంటే తాయెత్తుకు పేరొచ్చినట్టు.

ఈ సంగతి బావకు ఫోనులో చెప్తే కాసేపు మాట్లాడలేదు. "గట్లయితె తీసుడు దండుగేనా బామ్మర్దీ?" అన్నాడు. దండుగ అనను. పాడు మేనేజర్లు ఉంటారు, పోవాల్సినవాళ్లూ ఉంటారు. కానీ ఓటమి అనేది తీర్పు చెప్పే జడ్జి కాదు. అది ఎవరిమీద పడుతుందో దానికే తెలియదు.

దీనికి 2025 మే 21 రాత్రిని మించిన ఉదాహరణ లేదు. స్పెయిన్‌లోని బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్, టోటెన్‌హామ్, యునైటెడ్ మధ్య. లీగులో ఆ ఏడు రెండూ పాతాళంలో ఉన్నాయి, టోటెన్‌హామ్ పదిహేడో స్థానంలో ముగిసింది. బావకు అప్పటి మేనేజర్ అమోరిమ్ అంటే పడదు. కప్పు గెలిస్తే ఆయన పాతుకుపోతాడు. కోరుకున్నట్టే యునైటెడ్ 1-0తో ఓడింది. తెల్లారి బావ గొంతులో సంతోషం. అయితే జరిగిందేమిటంటే, ఓడిన అమోరిమ్‌ను అప్పటికి ఉంచారు. పదిహేడేళ్ల తర్వాత టోటెన్‌హామ్‌కు ఒక కప్పు తెచ్చిపెట్టిన పోస్టెకోగ్లును జూన్ 6న, పదహారు రోజులకే ఇంటికి పంపారు. గెలిచినవాడు పోయాడు, ఓడినవాడు ఉన్నాడు. బావ రెండు వారాలు ఫుట్‌బాల్ మాట ఎత్తలేదు.

ఆ పోస్టెకోగ్లు అంతకు ఏడాది ముందు ఇంకో వింత కూడా చూశాడు. 2024 మే 14న టోటెన్‌హామ్ సొంత మైదానంలో మాంచెస్టర్ సిటీతో ఆడింది. గెలిస్తే తమకు లాభమే, కానీ అదే ఊరి శత్రువు ఆర్సెనల్ టైటిల్ గెలిచే దారి తెరుచుకుంటుంది. సొంత స్టేడియంలో కూర్చుని చాలామంది ఓటమే కోరారు. 2-0తో అది దక్కింది కూడా. మ్యాచ్ తర్వాత మేనేజర్ మండిపడ్డాడు; క్లబ్బు పునాదులే బలహీనంగా ఉన్నాయని ఆ రాత్రి తెలిసిందన్న అర్థంలో మాట్లాడాడు. ఇది మామ కోరికకు చుట్టమే గానీ నేను రెంటినీ ఒకే గాటన కట్టను. మామకు జట్టు బాగుపడాలి. టోటెన్‌హామ్ వాళ్లకు పక్కింటి పెళ్లి ఆగిపోతే చాలు.

మన దేశంలో ఈ కోరిక బహిరంగంగా, గొంతెత్తి బయటపడిన రోజు 2005 నవంబర్ 25. గ్రెగ్ ఛాపెల్ కోచ్‌గా ఉండగా సౌరవ్ గంగూలీని వన్డే జట్టు నుంచి తప్పించారు. అదే గంగూలీ ఊళ్లో, ఈడెన్ గార్డెన్స్‌లో, దక్షిణాఫ్రికాతో మ్యాచ్. జనం మనవాళ్లను వెక్కిరించి, అవతలి జట్టు పరుగులకు చప్పట్లు కొట్టారు. ఇండియా పది వికెట్ల తేడాతో ఓడింది. ఛాపెల్ మాత్రం అప్పుడు పోలేదు. ఏడాదిన్నర ఆగి, 2007 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్, శ్రీలంకల చేతిలో ఓడి తొలి రౌండులోనే ఇంటిదారి పట్టాక, ఏప్రిల్‌లో ఆయన తప్పుకున్నాడు. ఆ సెప్టెంబర్‌లోనే మనవాళ్లు టీ20 ప్రపంచకప్ గెలిచారు. ఓటమి కోరేవాళ్ల పక్షాన నిలబడే ఏకైక గట్టి సాక్ష్యం ఇదే అనిపిస్తుంది. అయినా మరిచిపోకూడదు, ఆ కప్పు గెలిచింది కోచ్‌ను తీసేసినందుకు కాదు. ధోనీ కెప్టెన్ అయ్యాడు, సీనియర్లు తప్పుకున్నారు, ఆట కూడా కొత్తది.

హైదరాబాద్‌కు సొంతంగా ఇలాంటి గాయాలు ఉన్నాయి. 2003 ప్రపంచకప్ జట్టులో లక్ష్మణ్‌ను పక్కనపెట్టినప్పుడు, 2019లో అంబటి రాయుడిని వదిలేసినప్పుడు, మా వైపు చాయ్ బండ్ల దగ్గర వినపడిన మాట ఒకటే: చూద్దాం ఎట్ల గెలుస్తరో. రాయుడి విషయంలో ఇంకో మెలిక. ఆయనదీ గుంటూరే, ఆయన్ను తీసుకోని సెలక్షన్ కమిటీకి ఛైర్మన్ అయిన ఎంఎస్కే ప్రసాద్‌దీ గుంటూరే. నాలుగో నంబరు బ్యాటర్ లేక సెమీఫైనల్లో న్యూజిలాండ్ చేతిలో ఓడినప్పుడు, దుఃఖంలోనే ఒక చిన్న తృప్తి కలిగిందని ఒప్పుకున్న మిత్రులు నాకున్నారు. నాకూ కలిగింది. 2018 నవంబర్‌లో మిథాలీ రాజ్‌ను టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్‌కు తప్పించి, ఇంగ్లండు చేతిలో ఓడినప్పుడూ అంతే. కోచ్ రమేశ్ పొవార్ ఒప్పందం ఆ నెలాఖరుతో అయిపోయింది, పొడిగించలేదు. అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. 2021 మేలో ఆయన్నే తిరిగి కోచ్‌ను చేశారు.

కానీ తెలుగు అభిమాని అసలైన ఓటమి కోరిక చూడాలంటే 2021 సన్‌రైజర్స్‌నే చూడాలి. డేవిడ్ వార్నర్ ఆస్ట్రేలియావాడు. అయినా 2016లో కెప్టెన్‌గా 848 పరుగులు కొట్టి హైదరాబాద్‌కు ఐపీఎల్ కప్పు తెచ్చాడు. లాక్‌డౌన్ రోజుల్లో పెళ్లాం పిల్లలతో కలిసి తెలుగు పాటలకు స్టెప్పులేసి, జట్టులో తెలుగువాళ్లు కరువైన కాలంలో తెలుగువాడైపోయాడు. 2021 మే 1న సీజన్ మధ్యలో ఆయన కెప్టెన్సీ తీసేశారు. మర్నాడు రాజస్థాన్‌తో మ్యాచ్‌కు జట్టులోనే లేడు, జట్టు 55 పరుగులతో ఓడింది. జగిత్యాలలో అప్పుడు కరోనా రెండో అల, బయటికి పోయేది లేదు. మా వాడకట్టు పోరగాళ్లు డాబాల మీద కూర్చుని ఒక డాబా నుంచి ఇంకో డాబాకు అరుచుకుంటూ మ్యాచ్ వినేవాళ్లు. ఆ రోజు రాజస్థాన్ సిక్సర్లకు డాబాల మీద ఈలలు. నారింజ టీషర్టు వేసుకుని సన్‌రైజర్స్ ఓటమికి ఈల వేసిన పిల్లవాడు మా ఎదురింట్లోనే ఉన్నాడు.

ఆ ఏడు 14 మ్యాచ్‌లలో మూడే గెలిచి అడుగున నిలిచారు. కోరిక తీరింది. ఏం మారింది? వార్నర్ రాలేదు. ఢిల్లీకి పోయి 2022 మే 5న పాత జట్టు మీదే 92 నాటౌట్ కొట్టి గెలిపించాడు, ఆ రాత్రి ఈల ఇంకా గట్టిగా పడింది. కోచ్ ట్రెవర్ బేలిస్ పోయి టామ్ మూడీ, మూడీ పోయి బ్రయన్ లారా, లారా పోయి డేనియల్ వెటోరీ వచ్చారు. 2022లో ఎనిమిదో స్థానం, 2023లో మళ్లీ అడుగు. 2024లో కమిన్స్ కెప్టెన్‌గా ఫైనల్ దాకా వచ్చి, చెన్నైలో 113కు కుప్పకూలారు. ఇన్ని మారినా మారనిది యాజమాన్యం ఒక్కటే. ఎదురింటి పిల్లవాడి ఈల కోచ్‌ల దాకా పోయింది, ఓనర్ గది తలుపు దాటలేదు.

అసలు విషయం ఇక్కడుంది. అభిమానికి ఓటు లేదు. టికెట్టు కొంటాడు, టీషర్టు కొంటాడు, ఛానల్‌కు డబ్బు కడతాడు, కానీ కోచ్ ఎవరుండాలో చెప్పే హక్కు మాత్రం అతనికి లేదు. ఓటమి యజమానికి వినపడే ఏకైక భాష అని కనిపెట్టాడు కాబట్టి ఆ భాషలో మాట్లాడతాడు. ఓటున్న చోట పరిస్థితి కొంత వేరు. బార్సిలోనా క్లబ్బు సభ్యులది. అధ్యక్షుణ్ని వాళ్లే ఎన్నుకుంటారు. 2020 ఆగస్టులో బాయెర్న్ చేతిలో 8-2 అవమానం తర్వాత కోచ్‌ను మూడు రోజుల్లో తీసేశారు, కానీ సభ్యులు అంతటితో వదల్లేదు. అవిశ్వాసం పెట్టాలని 20 వేలకు పైగా సంతకాలు సేకరించారు. అధ్యక్షుడు బార్తొమేయు అక్టోబర్ 27న రాజీనామా చేసి పోయాడు. జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. ఆ ఊళ్లలో ఎవరూ ఓటమి కోరరని అనను. కోపం చూపడానికి వాళ్లకు ఇంకో దారి ఉందంటున్నాను.

మా దగ్గర ఆ ఇంకో దారి ఎట్లా ఉంటుందో చెప్పడానికి జగిత్యాల, కోరుట్లలకు మించిన చోటు లేదు. రెండూ నిజామాబాద్ లోక్‌సభ కిందికి వస్తాయి. 2018 డిసెంబర్ అసెంబ్లీ ఎన్నికల్లో ఆ లోక్‌సభ పరిధిలోని ఏడు సీట్లకు ఏడూ టీఆర్ఎస్‌వే. నాలుగు నెలలు తిరిగాయి. పసుపు, ఎర్రజొన్న ధరల మీద రైతులు కోపంగా ఉన్నారు. పసుపు బోర్డు రాలేదు. 2019 ఏప్రిల్ ఎన్నికలో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. బూతుకు పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. ముఖ్యమంత్రి కూతురు, సిట్టింగ్ ఎంపీ కవిత 70 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. నాలుగు నెలల కింద కారు గుర్తుకు గుద్దినవాళ్లలో చాలామంది చేతులే ఇవీ.

అప్పుడు బావ కూడా దుబాయ్ నుంచి వచ్చేశాడు, పోలింగుకు ఉన్నాడు. బూతు లోపల మిషన్లు వరుసగా పెట్టి ఉంటే, పెళ్లి బంతిలో తన పేరున్న విస్తరి వెతుక్కున్నట్టు వెతుక్కోవాల్సి వచ్చిందని చెప్పేవాడు. "పార్టీ మీద కోపం కాదు బామ్మర్దీ, బుద్ధి రావాలె" అన్నాడు. ఈ వాక్యంలో పార్టీ తీసి జట్టు అని పెట్టి చదవండి. సన్‌రైజర్స్ పిల్లవాడి మాటే. తేడా ఒకటే: బావ వేలికి సిరా అంటింది, పిల్లవాడిది ఉత్త ఈల. పసుపు బోర్డు ప్రకటన 2023 అక్టోబర్‌లో వచ్చింది, 2025 సంక్రాంతికి నిజామాబాద్‌లో మొదలైంది. ఆ ఓటుకే వచ్చిందా, వేరే లెక్కలతో వచ్చిందా అన్నది పార్టీలు కొట్లాడుకునే విషయం. ఓటరు మాత్రం ఎవరికీ జీతగాడు కాలేదు. 2019లో కవిత మీద గెలిచిన అరవింద్‌నే 2023 అసెంబ్లీ ఎన్నికల్లో కోరుట్లలో ఓడించారు, 2024లో మళ్లీ ఎంపీని చేశారు.

బావ ఓటమి కోరడం నేర్చుకున్నది మాత్రం పోలింగు బూతులో కాదు, ఫుట్‌బాల్‌లో కూడా కాదేమో. ఒకసారి క్యాంపు సంగతులు చెప్తూ ఫోర్‌మన్ గురించి చెప్పాడు. ఎండలో నీళ్లకు పోతే లెక్క రాసేవాడట. యూఏఈలో యూనియన్ పెట్టుకునే వీల్లేదు, పని బందు చేస్తే ఇంటికి పంపుతారు. మరి ఏం చేసేవాళ్లు? ఆ ఫోర్‌మన్ చూసే బ్లాకు పని వెనకపడాలని కోరుకునేవాళ్లు. ఎవరూ చెడగొట్టలేదు, ఇటుకలు సరిగానే పేర్చారు, రాత్రి రూముకొచ్చి మాత్రం కోరుకున్నారు. ఇన్‌స్పెక్షన్‌లో ఆ బ్లాకు ఫెయిలయిన రోజు రూములో సేమియా పాయసం వండుకున్నారట. "మరి మీ ఓటీ పైసలు పోయినయి గద బావా?" అన్నాను. "పోయినయి. పాయసం మంచిగుండె" అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి, ఓటమి కోరేవాడిని ద్రోహి అనేవాళ్ల మాట నాకు చెవికెక్కదు. నోరు లేనివాడి కోరిక అది. అయితే దాన్ని తెలివైన ఎత్తుగడ అనేవాళ్ల మాట కూడా చెవికెక్కదు. ఎలుకల కోసం ఇల్లు తగలబెట్టుకుంటే కనీసం ఎలుకలు పోతాయి. ఇక్కడ అవి కూడా పోవు. కోచ్ పోతే ఇంకో కోచ్ వస్తాడు, కోచ్‌ను పెట్టినవాడు అక్కడే ఉంటాడు. మా జిల్లాల క్రికెట్ పిల్లలకు ఇది బాగా తెలుసు. హైదరాబాద్ క్రికెట్ సంఘంలో జిల్లాలకు చోటు లేదన్న మొర పాతది. 2022-23 రంజీలో హైదరాబాద్ అట్టడుగుకు చేరి ప్లేట్ గ్రూపుకు దిగిపోయింది. జగిత్యాల మైదానంలో నెట్స్ చూసే అన్న ఒకాయన, ఇట్లయినా పెద్దోళ్లకు సిగ్గొస్తదేమో అన్నాడు. 2023 ఫిబ్రవరిలో సంఘం పాలకవర్గాన్ని రద్దు చేసింది సుప్రీంకోర్టు. ఏళ్ల తరబడి సాగిన వివాదాల మీద చేసింది, రంజీ పాయింట్లు చూసి కాదు. మరుసటి ఏడు జట్టు ప్లేట్ గెలిచి మళ్లీ పైకొచ్చింది. మా మైదానంలో పిచ్ మీద మ్యాట్ మాత్రం అదే పాత మ్యాట్.

ఫుట్‌బాల్‌లోనూ దేశం జట్టు సంగతి ఇంతే. 2024 జూన్‌లో ఖతార్ చేతిలో ఓడి ప్రపంచకప్ క్వాలిఫయింగ్ నుంచి తప్పుకోగానే కోచ్ స్టిమాచ్‌ను పంపేశారు. తర్వాత వచ్చిన మనోలో మార్కెజ్ మనకు తెలిసినవాడే, 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ కప్పు తెచ్చినవాడు. ఏడాది తిరిగేసరికి హాంకాంగ్ చేతిలో ఓటమి, ఆయనా పోయాడు. ఇద్దరు కోచ్‌లు పోయారు, గోలు కొట్టేవాడు దొరకలేదు.

ఓటమి కోరేవాడికి ఇంకో కష్టం ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ నాకు అదే ముఖ్యం. కోచ్ మీద కోపం, కుర్రాడి మీద ప్రేమ ఒకే మ్యాచ్‌లో ఉంటాయి. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో మన నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టాడు, స్టేడియంలో తండ్రి కన్నీళ్లు పెట్టుకున్నాడు, ఇండియా మాత్రం 184 పరుగులతో ఓడింది. ఓటమి కోరేవాడు దేవుణ్ని అడిగితే ఇంతకంటే మంచి మ్యాచ్ అడగలేడు. కానీ అలాంటి మ్యాచ్ దశాబ్దానికి ఒకటి.

అంతకంటే తరచుగా జరిగేది 2025 ఆగస్టు 4న జరిగింది. ఓవల్‌లో ఇంగ్లండుకు 35 పరుగులు కావాలి, మనకు నాలుగు వికెట్లు. సిరీస్ పోతే గంభీర్ పని అయిపోతుందని మామ లెక్క. సాంచాలు నడుస్తున్నాయి, ఫోను నూలు డబ్బాకు ఆనించి ఉంది. సిరాజ్ ఒకటి తీశాడు, ఇంకోటి తీశాడు. మామ ఏమీ అనలేదు. పరుగులు ఏడుకు దిగాయి. భుజం కీలు తప్పి కట్టు కట్టుకున్న వోక్స్ ఒంటిచేత్తో అవతలి కొసన నిలబడ్డాడు. సిరాజ్ యార్కర్‌కు అట్కిన్సన్ వికెట్ ఎగిరింది. ఆరు పరుగులతో గెలుపు. మామ స్టూలు తన్నేసి లేచి ఎగిరాడు, వెనక మూడో సాంచాలో పోగు తెగింది చూడలేదు, అది అట్లాగే నడిచింది. అత్త వచ్చి చూపించేసరికి జానెడు గుడ్డలో గీత పడింది.

"గెలిచిండు గద మామా మీ గంభీర్" అన్నాను.

"గెలిపించింది సిరాజ్. గాయినకేం సంబంధం?" అని సాంచా ఆపి ముడివేయడానికి వంగాడు.

నాలుగు నెలలకు గువాహటిలో ఓడిన తర్వాత, మీ ఉద్యోగం సంగతేమిటని విలేకరులు అడిగితే, నిర్ణయం బోర్డుదని చెప్పి, ఇంగ్లండులో ఫలితాలు తెచ్చింది కూడా తనేనని గుర్తుచేశాడు గంభీర్. బోర్డు ఆయన్ను తీయలేదు. ఆ వార్త మామకు నేనే ఫోనులో చెప్పాను. వెనక సాంచాల చప్పుడు, సగం మాటలు వినపడలేదు. ఇంగ్లండు అన్న మాట మాత్రం వినపడ్డట్టుంది. "అంటే ఆనాడు నేను ఎగిరింది గాయిన కోసమా?" అని అడిగాడు.